మూలమట్టం చూడని పొలం

బాలరాజ్ ఉమ్మిన గుట్కా సరిగ్గా హద్దురాయి నెత్తిన పడింది. అరగంట కింద పాతిన తెల్లరాయి. ఎర్రటి ధార దాని పక్కగా జారి కొత్తగా తొక్కిన మట్టిలోకి ఇంకుతుంటే, అతను అరచేత్తో మూతి తుడుచుకుని, అదే చెయ్యి నా భుజం మీద వేశాడు.

"సార్, అంత బరాబర్ అయ్యింది. మీ కండ్ల ముందటనే కొలిచినం. ఇగ ఒక్క సంతకం పెట్టుండ్రి, దావత్ చేసుకుందం."

భుజం వంక చూసుకోకుండా ఉండటానికి కొంచెం బలవంతం చేసుకోవలసి వచ్చింది.

ఇబ్రహీంపట్నం నుంచి మన్నెగూడ వైపు వస్తూ సాగర్ రోడ్డు దిగితే, ఊళ్లోకి పోయే తారురోడ్డు పక్కన ఉంది ఆ పొలం. బాలరాజ్ వాళ్ల నాన్న పోయి రెండేళ్లయింది. పాస్‌బుక్కులో ముప్పై గుంటలు. పిల్లలు ముగ్గురు: పెద్దవాడు బాలరాజ్, అతని తర్వాత నర్మద, అందరికన్నా చిన్నవాడు వికాస్. మనిషికి పది గుంటలు. కొలత అయ్యింది, రాళ్లు పడ్డాయి, మర్నాడు పదకొండింటికి రిజిస్ట్రేషన్ స్లాట్ కూడా తీసుకున్నారు. ఇవాళ పంపకం కాగితం మీద ముగ్గురూ సంతకాలు చేసి, సాక్షిగా నేను చేస్తే పని ముగిసినట్టే. అన్నదమ్ములిద్దరూ తమ పాళ్లను ఒక వెంచర్‌వాళ్లకు ఇవ్వటానికి మాట ఇచ్చేశారు కాబట్టి వాళ్లకు తొందర. నర్మద తన పాలు అమ్మదు. కాకర, బీర పందిళ్లు వేసుకుంటానని ఆరు నెలలుగా చెబుతోంది.

నేను వాళ్లకు చుట్టాన్ని కాను. జూనియర్ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో అసిస్టెంటుగా ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. బీయెస్సీ చదివాను కానీ ఏ రోజూ పాఠం చెప్పలేదు. అయినా ఊళ్లో అందరూ ఇంద్రసేన సార్ అంటారు. వద్దన్నా మానరు కనుక నేనే మానుకున్నాను.

నర్మద అంగన్‌వాడీలో ఆయా. పాతికేళ్ల కింద పదో తరగతి లెక్కల్లో తప్పింది. నలభై రెండేళ్ల వయసులో మళ్లీ ప్రైవేటుగా కడతానని, లెక్కలు చెప్పమని, ఒక సాయంత్రం పాత నోట్‌బుక్కు పట్టుకుని మా గడప దగ్గర నిలబడింది. ఆ రోజు నుంచి వారానికి నాలుగు రోజులు డ్యూటీ దిగి వస్తుంది. ఆమె భర్త హరీశ్ స్కూలు బస్సు నడుపుతాడు. తిరుగు ట్రిప్పులో మా ఇంటి ముందు ఆపి హారన్ కొడితే నోట్‌బుక్కు మూసి వెళ్లిపోతుంది. నా భార్య అరుణ పోయి మూడేళ్లయింది. మా బల్లకు అవతలి కుర్చీలో ఒక మనిషి కూర్చుని, తప్పో ఒప్పో లెక్క చేస్తూ పెన్సిల్ కొరుకుతుంటే ఇల్లు కాస్త ఇల్లులా ఉంటుంది. ఇంతకుమించి ఆ చదువు వల్ల నాకేమీ అక్కర్లేదు.

సమీకరణాలు మొదలుపెట్టిన రోజున, బరాబరి గుర్తుకు రెండు వైపులా ఒకే పని చెయ్యాలని చెప్పాను. ఒక పక్క మూడు తీసేస్తే రెండో పక్క కూడా మూడు తియ్యాలి. ఆమె చాలాసేపు దాన్నే చూసింది.

"గిది మస్తు మంచిగున్నది సార్. ఒక దిక్కు తీస్తే ఇంకో దిక్కు గూడ తియ్యాలె. మా అన్నదమ్ములకు చిన్నప్పుడు ఎవలు చెప్పలే" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

మూడు రోజుల కింద బాలరాజ్ మా ఇంటికి వచ్చాడు. సాక్షి సంతకం చెయ్యమని అడిగాడు. "మీ అసొంటి సదువుకున్నోళ్ల సంతకం ఉంటే మా చెల్లె కండ్లు మూసుకొని పెడ్తది సార్" అన్నాడు. ఆ మాటకు నేను సంతోషపడ్డాను. ఇప్పుడు తలచుకుంటే ఆ సంతోషమే అన్నిటికన్నా రోతగా ఉంది.

కొలిచింది పరమేశ్వర్. డెబ్బై ఏళ్ల మేస్త్రీ. చుట్టుపక్కల ఏ ఇంట్లో పంపకాలు జరిగినా తన టేపు తీసుకుని వస్తాడు. ఆ పొద్దున బాలరాజ్ పాలు కొలిచాడు: రోడ్డు మీద ఇరవై రెండు గజాలు, లోపలికి యాభై అయిదు గజాలు. ఇరవై రెండును యాభై అయిదుతో హెచ్చవేస్తే పన్నెండు వందల పది చదరపు గజాలు. గుంటకు నూట ఇరవై ఒకటి. సరిగ్గా పది గుంటలు. వికాస్‌ది కూడా అంతే. తర్వాత నర్మదది.

అక్కడే రోడ్డు వంపు తిరుగుతుంది. పదేళ్ల కింద వెడల్పు చేసినప్పుడు దాన్ని పొలం లోపలికి వాల్చేశారు. వెనక ఉన్న కాలువ కూడా అటే తిరిగింది. వంపు మీద టేపు పెట్టి పరమేశ్వర్ ఇరవై రెండు గజాలన్నాడు. వెనక ఇరవై రెండు. అటు యాభై అయిదు, ఇటు యాభై అయిదు.

"ఎదురెదురు బరాబర్, నాలుగు దిక్కుల బరాబర్. మూడు పాళ్లు ఒక్క తీరుగ వచ్చినయ్. మీ బాపు పుణ్యం" అని టేపు చుట్టేశాడు.

ఆ ముక్క పక్కకు ఒరిగి ఉందని నాకు కనబడింది. కనబడలేదంటే అబద్ధం. భుజాలు నాలుగూ అంతే ఉన్నా మూలలు లంబకోణాలు కాకపోతే లోపలి జాగా తగ్గుతుందని తెలియడానికి బీయెస్సీ కూడా అక్కర్లేదు. అయినా నేను నోరు విప్పలేదు. వాళ్ల చాయ్ తాగి ఉన్నాను. నర్మద నవ్వుతూ నిలబడి ఉంది. ఎంతో కొంత తేడా, ఎవరికి ఏం పోయింది, ముగ్గురూ మంచిగా విడిపోతున్నప్పుడు నడుమ నేనెందుకు అనుకున్నాను. మెత్తని మనిషినని నాకు పేరు. ఆ మెత్తదనం ఎంత చవకైనదో ఆ అరగంటలో నాకు అర్థమైంది.

బోరు మోటారు కోసం వేసిన రేకుల షెడ్డు కింద కూర్చున్నాం. పక్కనే మూడు రాళ్ల పొయ్యి మీద మటన్ ఉడుకుతోంది. కోసిన చోటు కడగలేదు. తోలు కుప్ప మీద ఈగలు నల్లగా ముసిరి, అక్కడి నుంచి లేచి మా చాయ్ గ్లాసుల మీద వాలుతున్నాయి. వంటకు వచ్చిన సిద్దమ్మ నా మొహం చూసి ఏమనుకుందో, నా కుర్చీని గాలి వచ్చే వైపు జరిపి, చెంబుతో నీళ్లు పెట్టి పోయింది.

ఆడపిల్ల సంతకం పెట్టేముందు చీర పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. పళ్లెంలో చీర, రవికె గుడ్డ, పసుపు, కుంకుమ, డజను గాజులు. చీర మీద కవరు కూడా తియ్యలేదు. వికాస్ దాన్ని నర్మద ఒడిలో పెట్టి, సెల్‌ఫోన్‌తో ఫోటో తీశాడు. అతను బొంగులూరు దగ్గర వెంచర్లలో ప్లాట్లు చూపించే పని చేస్తాడు. అతను వంగినప్పుడల్లా సెంటు వాసన, మాంసం వాసన కలిసి నా గొంతుకు అడ్డం పడ్డాయి.

"మా అక్క దేవత సార్. అడిగిన్నాడు అడిగినట్టు సరే అన్నది" అన్నాడు నాతో. "అందుకే గామెకు వంపు మీది బిట్టు ఇచ్చినం. రెండు దిక్కులకెళ్లి కనిపిస్తది."

బాలరాజ్ కాగితం చదివాడు. మూడు పాళ్లు సమానమనీ, కొలతలు ముగ్గురి సమక్షంలో జరిగాయనీ, ముందు ముందు ఎవరికీ ఎలాంటి అభ్యంతరం ఉండదనీ. తను సంతకం చేశాడు. వికాస్ చేశాడు. పెన్ను నర్మద చేతికి వచ్చింది.

ఆమె పెన్ను మూత తీసింది. తలెత్తి పొలం వైపు చూసింది. మళ్లీ కాగితం చూసింది. పళ్లెం పక్కన పెట్టి లేచి, షెడ్డు అంచుకు పోయి, ఒక కన్ను మూసి తన ముక్క వైపు చూపుడు వేలు చాచి నిలబడింది.

"సార్" అంది తిరగకుండానే. "గది దీర్ఘచతురస్రం గాదు గదా?"

కుండ మీద మూత ఎగిరెగిరి పడుతోంది.

"అగ్గో, అక్క పదో తరగతి తీసింది" అని వికాస్ నవ్వాడు. "పరీక్ష ఈడనే రాస్తవా ఏంది?"

"నిన్ను అడగలే. సార్, నాలుగు మూలలు లంబకోణాలేనా?"

ఇప్పుడైనా ఆమె అడిగింది కాబట్టి చెప్పగలిగాను. ఆమె అడక్కపోతే ఏం చేసేవాడినో ఆలోచించడం నాకు ఇష్టం లేదు.

"కాదమ్మా" అన్నాను. "సమాంతర చతుర్భుజం. భుజాలు అంతే ఉన్నయ్ గానీ, లోపట జాగ తక్కువ."

"ఏం తక్కువ?" పరమేశ్వర్ లేచాడు. ముసలాయనకు నిజంగా కోపం వచ్చింది. "యాభై ఏండ్ల సంది కొలుస్తున్న. నాలుగు దిక్కుల కొలత ఒకటే అయినంక జాగ ఎట్ల తక్కువైతది సార్? టేపు అబద్ధం ఆడ్తదా?"

నేను చెప్పబోయేలోపే నర్మద షెడ్డు మూలకు పోయింది. అక్కడ నులక ఊడిపోయిన మంచం ఉంది, ఉత్త పట్టెలూ కోళ్లూ. దాన్ని ఈడ్చుకొచ్చి పరమేశ్వర్ ముందు పడేసింది.

"పెద్దనాయిన, గీ మంచానికి నాలుగు పట్టెలు. అవ్వా?"

"అవ్."

ఆమె ఒక మూల మీద కాలు పెట్టి గట్టిగా నూకింది. కోళ్ల దగ్గర బెజ్జాలు వదులై ఉన్నాయి కనుక మంచం కిర్రుమని పక్కకు ఒరిగింది.

"పట్టెలు పొట్టిగైనయా?"

"కాలే."

"మరి లోపట అంతే ఉన్నదా? ఇంక నూకుకుంట నూకుకుంట పోతే ఈ పట్టె పోయి ఆ పట్టెకు తగుల్తది. అప్పుడు గూడ నాలుగు దిక్కుల కొలత గంతే ఉంటది. నేను యాడ పండాలె?"

సిద్దమ్మ పొయ్యి దగ్గర నుంచి కిసుక్కున నవ్వింది. పరమేశ్వర్ నవ్వలేదు. వంగి, ఒరిగిన మంచాన్ని రెండు చేతులతో సరిచేశాడు, మళ్లీ ఒరగనిచ్చాడు, మళ్లీ సరిచేశాడు.

"ఇంటి పునాదికి మూలమట్టం సూస్తం" అన్నాడు మెల్లగా. "పొలానికి ఎవలు సూస్తరు? మా తాత సూడలే, మా నాయిన సూడలే. నాలుగు దిక్కులు కొలుసుడే."

"అబ్బ, ఇడువు పెద్దనాయినా" అన్నాడు వికాస్, సెల్‌ఫోన్ చూస్తూ. "రెండు గుంటల కోసం గింత లొల్లా అక్కా? ఇంటోళ్లమే గదా."

ఆ మాట అన్నాక అతనికే తెలిసింది. తల ఎత్తాడు.

"రెండు గుంటలని ఎవలు చెప్పిన్రు వికాస్?" అన్నాను నేను. "ఇప్పటిదాంక ఎంత తక్కువనో ఎవరూ అనలేదు."

అతను అన్న వైపు చూశాడు. బాలరాజ్ అతని వైపు చూడలేదు. నేల చూసి ఉమ్మాడు. ఇక దాచి లాభం లేక వికాస్ ఫోను తెరిచి చూపించాడు, అన్నీ బయటపడ్డాయి. వెంచర్‌వాళ్లు నెల కిందనే మిషన్‌తో పొలం కొలిచిపోయారు. మొత్తం ఇరవై ఎనిమిది గుంటలే ఉందని, వంపు మీది ముక్క ఎనిమిదే వస్తుందని, ఆ లెక్క వికాస్ ఫోనులో ఉంది. అది తెలిసే అన్నదమ్ములు పరమేశ్వర్‌ను పిలిపించారు. టేపుతో భుజాలు మాత్రమే కొలిచే మనిషి. నర్మద కళ్లు మూసుకుని నమ్మేలా చెయ్యడానికి నేను. మమ్మల్నిద్దర్నీ ఏరి తెచ్చుకున్నారు, దావత్‌కు గొర్రెను ఏరుకున్నట్టు.

మోసం చేసేవాళ్లను నేను చూడలేదని కాదు. కానీ తోడబుట్టినదాని ఒడిలో పసుపు కుంకుమలు పెట్టి, ఫోటో తీసుకుని, దేవత అని... నా నోట్లో చేదు నీళ్లూరాయి. లేచి షెడ్డు వెనక్కు పోయి ఉమ్మేసి వచ్చాను.

"నా టేపును అడ్డం పెట్టుకున్నరు గదరా" అన్నాడు పరమేశ్వర్. "ముందే నాకు చెప్తే నేను రాకపోదును." అని, ఎవరూ చెప్పకముందే సుతిలి తాడు తీసుకుని పొలంలోకి నడిచాడు. "తప్పు నాది. నేనే దిద్దుత. దా బిడ్డా, ఒక కొస పట్టు."

తాడుకు మూడు గజాలు, నాలుగు గజాలు, అయిదు గజాల ఎడంతో ముళ్లు వేసి, మేస్త్రీలు పునాది తీసేటప్పుడు చేసినట్టే త్రిభుజం చేసి, లంబకోణం పట్టాడు. ఆ చేతులు ఎన్ని వందల ఇళ్లకు అలా పట్టి ఉంటాయో. చూస్తుంటే నాకు కొంచెం ఊపిరి ఆడింది. వికాస్ హద్దు మీద నుంచి అవతలి హద్దుకు లంబంగా కొలిస్తే ఇరవై రెండు రాలేదు. పదిహేడు పాయింట్ ఆరు గజాలు వచ్చింది. నర్మద నా జేబులోని పెన్ను తీసుకుని అరచేతిలో వేసింది లెక్క. యాభై అయిదును పదిహేడు పాయింట్ ఆరుతో హెచ్చవేసింది. తొమ్మిది వందల అరవై ఎనిమిది. నూట ఇరవై ఒకటితో భాగించింది.

"ఎనిమిది" అంది. "శేషం లేదు."

"పోయింది రోడ్డుకు పోయింది" అన్నాడు బాలరాజ్. ఇక నటించడం మానేశాడు. "రోడ్డు నీ దిక్కు తిరిగింది. నీ నసీబ్ గది. మేమేం చేస్తం?"

"రోడ్డు బాపు పొలంల పోయింది అన్నా. నా పొలంల గాదు. అప్పుడు నాకు పొలం యాడిది? పోయింది ముగ్గురికి పోవాలె."

"ఎంత ఇయ్యాల్నట మేము?"

"ఆగు, చెప్త."

ఆమె పొయ్యి లోంచి ఆరిపోయిన బొగ్గు ముక్క తీసుకుని షెడ్డు గచ్చు మీద కూర్చుంది.

"మీరు ఒక్కొక్కలు ఇచ్చేది ఎక్స్ అనుకుందం."

"ఎక్స్ ఎవలక్కా? మీ సార్ సుట్టమా?" అన్నాడు వికాస్.

"తెల్వనిదాన్ని ఎక్స్ అంటరు తమ్మీ. తెల్సి గూడ చెప్పనిదాన్ని ఏమంటరో నీకే తెల్వాలె."

గచ్చు మీద రాసింది: 10 − x = 8 + 2x. ఇచ్చాక మీకు మిగిలేది ఈ పక్క, ఇద్దరి దగ్గరా తీసుకున్నాక నాకు వచ్చేది ఆ పక్క, రెండూ ఒకటి కావాలి, అని వేలితో చూపించింది. రాయటం వరకు చక్కగా వచ్చింది. తర్వాతి గీతలో తడబడింది. ఎనిమిదిని ఇటు తెచ్చింది, x ను అటు పంపింది, కానీ దాని గుర్తు మార్చలేదు. 10 − 8 = 2x − x. 2 = x.

చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నేను చెబితే అది నా లెక్క అవుతుంది. సార్ చెప్పిచ్చిండు అంటారు. పిడికిళ్లు బిగించుకుని కూర్చున్నాను.

"రెండా!" బాలరాజ్ తొడ చరిచాడు. "ఇద్దరం రెండేసి ఇస్తే నీకు పన్నెండు, మాకు ఎనిమిది. గిదా నీ న్యాయం? సదివింది సాలు లే, సంతకం పెట్టు."

వికాస్ పగలబడి నవ్వాడు. నర్మద చెవులు ఎర్రబడ్డాయి. కానీ లేవలేదు. x ఉన్న చోట రెండు పెట్టి చూసింది, లెక్క చేసిన ప్రతిసారీ మా బల్ల దగ్గర చేసినట్టే. ఈ పక్క ఎనిమిది, ఆ పక్క పన్నెండు.

"కలుస్తలేదు. తప్పు చేసిన" అంది. పాదంతో తుడిచేసింది. "రెండు దిక్కుల ఒకటే చెయ్యాలె. రెండు దిక్కుల ఎక్స్ కలుపుత. ఈ దిక్కు ఉత్త పది. ఆ దిక్కు ఎనిమిది, మూడు ఎక్సులు. ఇగ రెండు దిక్కుల ఎనిమిది తీస్త. ఈ దిక్కు రెండు, ఆ దిక్కు మూడు ఎక్సులు."

2 = 3x అని రాసి, దాని కింద x = 2/3 అని రాసింది. మళ్లీ పెట్టి చూసింది. రెండు పక్కలా తొమ్మిది గుంటలు, పైన మూడో వంతు. బొగ్గు ముక్క కింద పెట్టింది.

"మూడొంతులల్ల రెండొంతుల గుంట. ఒక్కొక్కలు. యాభై అయిదు గజాల పొడుగుకు వెడల్పు ఎంతైతది సార్?"

"నాలుగు అడుగుల అయిదు అంగుళాలు" అన్నాను.

"నాలుగడుగుల అయిదంగులాలు" అంది ఆమె వాళ్ల వైపు తిరిగి. "గంత ఇయ్యలేక ఇదంత చేసిన్రా? నువ్వు అడ్డం పంటే నీ భుజం దాటదు అన్నా."

బాలరాజ్ లేచి నా మోచెయ్యి పట్టుకుని మోటారు వెనక్కు తీసుకుపోయాడు. ముఖం నా ముఖానికి జానెడు దూరంలో పెట్టాడు. గుట్కా తడి పళ్ల సందుల్లో మెరుస్తోంది.

"సార్, మంచోళ్లని పిలిచిన. సంతకం పెట్టి పోండ్రి. ఒక్కల్లే ఉంటరు మీరు. మా చెల్లె రోజు పొద్దుగూకే యాళ్లకు మీ ఇంటికొస్తది. నేనైతే ఏమనుకోను. ఊరు ఏమంటదో సూసుకోండ్రి మరి."

అంత మురికి నా ఇంటి గడప దాకా, ఆ బల్ల దాకా, అరుణ కూర్చున్న కుర్చీ దాకా తెచ్చి పారబోశాడు. కొట్టాలని అనిపించలేదు. స్నానం చెయ్యాలనిపించింది. సొంత చెల్లెలి మీద ఆ మాట అనడానికి ఇతనికి నాలుగున్నర అడుగుల మట్టి చాలింది.

"గా మాట అందరి ముందట అను బాలరాజ్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "మీ బావ హరీశ్‌కు ఫోన్ చేస్త, ఆయన వచ్చినంక అను. రోజు బస్సు ఆపి తీసుకపొయ్యేది ఆయనే."

అతను నా చెయ్యి వదిలేశాడు.

షెడ్డులోకి తిరిగి వచ్చి పంపకం కాగితం మడిచి పళ్లెం పక్కన పెట్టాను. "దీంట్ల మూడు పాళ్లు సమానమని రాసి ఉన్నది. సమానం గాదు. నేను సాక్షి సంతకం పెట్ట" అన్నాను. ఇది పొద్దున్నే అనవలసిన మాట. ఆలస్యంగానైనా అన్నానని ఊరట ఏమీ కలగలేదు.

"నేను గూడ పెట్ట" అంది నర్మద. "రాళ్లు జరపుండ్రి, పెడ్త. లేకుంటే రేపటి స్లాట్ పోనియ్యుండ్రి. మీ వెంచరోళ్లకు మీరే చెప్పుకోండ్రి."

అది వాళ్లకు తగిలింది. ఇద్దరూ రోడ్డు దాకా పోయి చేతులు ఊపుకుంటూ పోట్లాడుకున్నారు. నోరు జారి ఫోనులో లెక్క చూపించినందుకు వికాస్‌ను బాలరాజ్ తిడుతున్నాడు, నన్ను సాక్షిగా పిలిచినందుకు బాలరాజ్‌ను వికాస్. ఒక్కడు కూడా చేసిన పని తప్పని అనలేదు. పావుగంట తర్వాత తిరిగొచ్చి బాలరాజ్ చీర పళ్లెం తీసుకుని వికాస్ బండి మీద పెట్టాడు.

"జరుపుకో" అన్నాడు. "మేము గడ్డపార పట్టం. చీర లేదు. దావత్ లేదు. ఇయ్యాల్టి సంది నువ్వు మాకు చెల్లెవు గాదు. మా గడప తొక్కకు."

"అవ్ అన్నా" అంది.

పరమేశ్వర్ టేపు పట్టాడు. నేను రెండో కొస పట్టాను. రోడ్డు మీద రెండు రాళ్లు, కాలువ వైపు రెండు రాళ్లు. బాలరాజ్‌కు, వికాస్‌కు నడుమ హద్దు నాలుగు అడుగుల అయిదు అంగుళాలు జరిగింది. వికాస్‌కు, ఆమెకు నడుమది దానికి రెట్టింపు, ఎనిమిది అడుగుల పది. నర్మద కొంగు నడుముకు చుట్టి గడ్డపార అందుకుంది. ఎండ నడినెత్తి మీద ఉంది. చిన్న మనిషి, రాయి బరువు తనంత ఉంటుంది. నేను సాయం పట్టబోతే వద్దంది: "మీరు టేపు ఇడువకుండ్రి సార్." సిద్దమ్మ పొయ్యి వదిలేసి వచ్చి, ఎవరినీ అడక్కుండా రాయికి రెండో పక్క చేతులు వేసింది. కూలి ఇచ్చేది బాలరాజే. ఆ సంగతి ఆమెకు తెలుసు.

మూడు రాళ్లు అయ్యాయి. వెంచర్ జెండాలు రోడ్డవతల ఫటఫటా కొట్టుకుంటున్నాయి. అన్నదమ్ములిద్దరూ షెడ్డు నీడలో నిలబడి చూస్తూ ఉన్నారు. వికాస్ ఫోను చూస్తున్నాడు. నాకు వాళ్ల వైపు చూడబుద్ధి కాలేదు. ఆమె గెలిచిందని కూడా అనిపించలేదు. గుంటా మూడో వంతు నేల కోసం పుట్టింటిని తవ్వి పక్కన పెట్టినట్టుంది. తవ్వింది తాను కాదు. అయినా మట్టి మొత్తం ఆమె చేతులకే అంటింది.

నాలుగో రాయి గుంతలో దించి, చుట్టూ మట్టి పోసి, నర్మద కాళ్లతో తొక్కింది. వెనక్కు తగ్గి చూసింది. చెమట కళ్లలోకి కారుతోంది. నేను టేపు కొస వదలకూడదు, పరమేశ్వర్‌కు దూరపు చూపు ఆనదు. ఆమె షెడ్డు వైపు తిరిగి కేక వేసింది.

"అన్నా, చెల్లెను గాకుంటె గాకపోని. రాయి నిలువున్నదా జర సూడు."

బాలరాజ్ బూతు మాట ఒకటి గొణిగాడు. మొహం తిప్పుకున్నాడు. తర్వాత, ముప్పై ఏళ్లు సాలు చూసి నాగలి పట్టిన అలవాటో ఏమో, తల ఇటు తిరిగింది. ఒక కన్ను మూశాడు. చెయ్యి దానంతటదే లేచింది.

"జర ఎడమకు" అన్నాడు. "ఇంక జర. ఆఁ, చాలు."